పోలరాజు ఉప్పు చెయ్యి

పోలరాజు కుడిచెయ్యి గంజి డ్రమ్ములో తెడ్డు తిప్పుతోంది. ఎడమచెయ్యి గుప్పిట్లోంచి రాళ్ళుప్పు వదులుతోంది. ఉక్కు కర్మాగారంలో ఫర్నేసు దగ్గర పగటి షిఫ్టుకి ముందు అతని మొదటి పని అదే. ఆ వేడిలో నిలబడ్డ మనిషి చొక్కా పిండితే కారుతుంది, ఆరితే తెల్లగా ఉప్పు పూస్తుంది. చెమటలో పోయిన ఉప్పు తిరిగి ఒంట్లో పడకపోతే పిక్కలు పట్టేస్తాయి. అందుకే గంజి. కలపడానికి ఎవరైనా కలుపుతారు. పోలరాజు కలిపిన రోజున మాత్రం సర్దార్జీలు కూడా గ్లాసులు పట్టుకుని వరసలో నిలబడేవారు.

టెక్కలి దగ్గరి పల్లెనుంచి వచ్చి ఆ కర్మాగారం పక్కనున్న బర్మామైన్స్‌లో కాపురం పెట్టిన పోలరాజుకి ఒకటే ఆశ, క్రేను నడపాలని. ఏళ్ళ తరబడి కిందనుంచి తలెత్తి చూశాడు. పంతొమ్మిదివందల డెబ్బై ఎనిమిదిలో పిలుపొచ్చింది. మెషిన్ షాపులో కొన్నాళ్ళు కింద బరువులకి తాళ్ళు కట్టి, సైగలు నేర్చుకుని, డాక్టరు పరీక్ష నెగ్గితే పైకి ఎక్కిస్తారు.

మెషిన్ షాపు చల్లన. చెమట పట్టదు. ఇంట్లో భార్య జోగమ్మ మాత్రం పాత లెక్కనే ఉప్పు గంజి, ఎండుచేప, ఆవకాయ పెడుతూనే ఉంది. సాయంత్రం ఇంటికెళ్తూ పోలరాజు ఫర్నేసు దగ్గర ఆగేవాడు. ఇప్పుడు గంజి కలిపే ఆదిబాబు అతని మేనల్లుడు. రెండో షిఫ్టు డ్రమ్ము ముందు నిలబడి, "మావా, ఒకపాలి రుచి సూసెల్లు" అనేవాడు.

డాక్టరు పోలరాజు జబ్బకి పట్టీ కట్టి, గాలి కొట్టి, కనుబొమలు ముడిచాడు.

"బీపీ నూట డెబ్బై ఎనిమిది. క్రేను ఎక్కడానికి సంతకం పెట్టను."

"నాకేటీ నేదు బాబూ. ఎద్దునాగున్నాను."

"ఎద్దుకి పట్టీ కడితే దానికీ తెలుస్తుంది. ఇదివరకు నీ ఉప్పు చెమటలో పోయేది. ఇప్పుడు చెమట లేదు, ఉప్పు తగ్గలేదు. దాన్ని బయటికి పంపాల్సింది మూత్రపిండాలు. అవి రక్తాన్ని వడకట్టి, ఉప్పు దాదాపు అంతా మళ్ళీ రక్తంలోకే తీసుకుని, మిగులు మూత్రంలో వదులుతాయి. కొందరి మూత్రపిండాలు పిసినారివి. ఓ పట్టాన వదలవు. ఉప్పుతోపాటు నీళ్ళూ ఒంట్లో నిలుస్తాయి, రక్తం పెరుగుతుంది, నాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. అంత ఒత్తిడి వస్తేగానీ నీ మూత్రపిండాలు ఆ ఉప్పుని బయటికి తొయ్యలేవు."

"అంటే పైపులో ప్రెజరు పెంచితేగాని డ్రెయిను ఇడిసిపెట్టదన్నమాట."

"అదే. ఆ ప్రెజరు గుండెకీ మెదడుకీ కూడా తగులుతుంది."

ఉప్పు తగ్గించమని, పొద్దున్నే, ఉప్పునీ నీళ్ళనీ మూత్రంలో తోసే నీటి మాత్ర ఒకటి వేసుకుని నెలకి రమ్మని పంపేశాడు.

ఆ నెల ఇల్లు ఇల్లులా లేదు. జోగమ్మ ఎండుచేపని నానబెట్టి, పిండి, మళ్ళీ నానబెట్టింది. అది తన పుట్టుక మరిచిపోయి బెండకాయలా తయారైంది.

"మా, యే అస్పతాల్ కా ఖానా హై క్యా?" అంది కూతురు, ఇదేం ఆస్పత్రి తిండా అన్నట్టు ముక్కు విరుస్తూ.

"మీ అయ్యనడుగు. ఇన్నాళ్ళూ ఉప్పు నేదని కసిరినాడు, ఇప్పుడు ఉందని కసురుతున్నాడు" అంది జోగమ్మ.

షాపులో నీటి మాత్ర సంగతి ఇంకో రకం. సగం సైగ చేసి పోలరాజు మాయమయ్యేవాడు. పైనుంచి క్రేను డ్రైవరు బలరామ్ మెడ బయటపెట్టి అరిచేవాడు: "ఒరే, కొక్కెం దింపీమంటావా, నువ్వొచ్చీదాకా ఏలాడదీసీమంటావా?" షాపంతా నవ్వు. పోలరాజు ప్యాంటు సర్దుకుంటూ వచ్చి మిగతా సగం సైగ పూర్తి చేసేవాడు.

నెల తిరిగాక పట్టీ నూట అరవై ఆరు చెప్పింది. డాక్టరు, మొగుడి వెంట వచ్చిన జోగమ్మ వైపు చూశాడు.

"సిటికెడే ఏత్తన్నాను బాబూ. మా పిల్ల నాతో మాటాడ్డం మానీసినాది" అంది జోగమ్మ.

"బయట ఏమైనా తింటున్నావా?"

"ఏటీ తినను బాబూ" అన్నాడు పోలరాజు.

"తాగుతున్నావా?"

"ఆదిబాబు గంజికి రుచి సూత్తాను. అది తాగడం కాదు కదా, పని."

"ఎంత చూస్తావు?"

పోలరాజు గాల్లో చేతులతో చూపించాడు. పెద్ద చెంబంత ఉంది.

"మొదటి గుటకకి నాలిక మేలుకుంటాది బాబూ. రెండోదానికి తెలుస్తాది. మిగతాయి తెలిసింది నిజమో కాదో సూడ్డానికి."

జోగమ్మ నవ్వి నవ్వి బల్లమీంచి కిందికి జారిపోయింది. డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

మర్నాడు పోలరాజు ఒక పాలడబ్బా, ఆకురాయి పట్టుకుని ఫర్నేసు దగ్గరికెళ్ళాడు. ఎప్పటిలాగే గుప్పిళ్ళతో ఉప్పు తీశాడు, కానీ డ్రమ్ములో వెయ్యకుండా డబ్బాలో పోశాడు. ఉప్పు ఆగినచోట గీత గీసి, అంతవరకే ఉండేలా డబ్బా కత్తిరించి, అంచు చేతికి గుచ్చుకోకుండా ఆకురాయితో నున్నగా అరగదీశాడు. డ్రమ్ముకి ఒక డబ్బా, అంచుకి సమంగా.

"నా సెయ్యి ఇందులో పెట్టినాను. నన్నింక పిలవకు" అన్నాడు.

"మరి రుచో, మావా?"

"నీకు నాలిక నేదేటి?"

నీటి మాత్ర మానకూడదు, ఉప్పు పెరిగితే నిన్ను కిందికి దింపించేది నేనే అంటూ, తర్వాతి నెల డాక్టరు సంతకం పెట్టాడు. పట్టీ నూట ముప్పై ఎనిమిదికి దిగింది. పోలరాజు ఆ కాగితం పట్టుకుని సైకిలు తొక్కలేదు. సైకిలే అతన్ని ఎత్తుకుని పరిగెత్తినట్టుంది.

నిచ్చెన ఎక్కి కాబిన్‌లో కూర్చుంటే కిందున్నవాళ్ళంతా టోపీలే. పిచ్చి నవ్వొచ్చింది. బలరామ్ పక్కన నిలబడి, "నవ్వు తరవాత, ముందు బ్రేకు సూసుకో" అన్నాడు. కింద తాళ్ళు బిగించి చెయ్యెత్తారు. మిల్లులో ఉక్కు సాగదీసి అరిగి వచ్చిన రోలరు, ఏనుగంత బరువు, నేల వదిలింది. ఊగనివ్వకుండా షాపు పొడుగునా నడిపించి, దాన్ని చెక్కి సరిచేసే లేతు మీదికి తెచ్చి, వేలెడు ఎత్తులో ఆపి, ఊపిరి బిగబట్టి దించాడు. చప్పుడు లేదు. కిందివాళ్ళు తాళ్ళు విప్పారు. లేతు మనిషి రోలరుని అరచేత్తో తట్టి చూసుకుని, తన పనిముట్టు అందుకున్నాడు.