ముందు నా మిషనుకే

మా కొట్లో కంప్యూటర్లు చూసే సర్వీసాయన పోయాడన్న కబురు నేనే ఫోను చేసి తెచ్చుకున్నాను. పోయిన మంగళవారం పొద్దున నా మిషనులో అప్‌డేట్ పడి, ప్రింటరు కనబడకుండా పోయింది. ఫోను ఎత్తింది ఎవరో కూడా చూసుకోకుండా, "ఏమయ్యా, నా మిషను మీద నీకేం పగ?" అని మొదలుపెట్టాను. నేను ఊపిరి తీసుకునేదాకా ఆగి, ఆయన భార్య అంది: "నిన్న పొద్దున పోయినారమ్మా. గుండెపోటు."

జార్జి టౌన్‌లో మాది కాగితాల హోల్‌సేల్ కొట్టు. ఆరు కంప్యూటర్లు, ఒకే నెట్‌వర్కు, ఒకే ప్రింటరు. స్టాకు చూసేది నేను. ఈ వయసులో ఎందుకని అడిగేవాళ్లకు, నా బి.ఎస్సీ. అటకమీద పెట్టడానికి చదవలేదని చెబుతాను. ఆయన పురసవాక్కం నుంచి పాత బండి మీద వచ్చేవాడు. తోపుడుబండ్ల మధ్య నలిగి, చొక్కా తడిసి, లోపలికి రాగానే మంచినీళ్లయినా అడక్కుండా, జబ్బుపడ్డ మిషను నెట్‌వర్కు వైరు లాగేసేవాడు. మిగతా ఐదూ క్షేమంగా ఉండాలి గదా. ఆ తర్వాతే నా పక్కన స్టూలు వేసుకుని, "ఆఖరుగా ఏం చేసినారు?" అని అడిగేవాడు.

కొట్టు నడిపే మా అబ్బాయిది ఎప్పుడూ ఒకటే జవాబు, ఏమీ చేయలేదని.

"ఏమీ చేయకుండా చెడిపోయేది పాలే సార్," అనేవాడు, నవ్వకుండా.

తంటా అంతా అప్‌డేట్‌లతోనే. అవి పడిన మరునాడు ప్రింటరు మాయమవుతుంది, లేదా ఒక మిషనులోని ఫోల్డరు ఇంకోదానిలో తెరుచుకోదు. నేను గాభరా పడితే, "కొత్త రోగం కాదమ్మా, లోకమంతా ఉండేదే. తెలిసిన రోగానికి దారి ఉండాది," అనేవాడు. పడినదాన్ని వెనక్కి తీసేసి, సరిచేసినది వచ్చేదాకా ఆపి పెట్టేవాడు.

నాకు మండేది ఒకటే. ప్రతిసారీ ముందు చెడేది నా మిషనే. మిగతా ఐదింటికీ అప్‌డేట్ ఆపి, నాదానికి మాత్రం వదులుతున్నాడని చాలా ఆలస్యంగా కనిపెట్టాను. ముసలిదాని మిషను పోతే పోయిందనా అని నిలదీశాను.

"అది కాదమ్మా. మిగతా మిషన్లవాళ్లనడిగితే 'వర్క్ ఆగల సార్' అంటారు, పనిచేయలేదని అరవంలో, అంతే. మీరు తెరమీద ఉండేది అక్షరం పోకుండా చదువుతారు, దానికి ముందు ఏం నొక్కినారో చెప్తారు, ఆమీద నన్ను తిడతారు. తిట్లు తీసేస్తే మిగిలిందంతా నాకు పనికొచ్చేదే."

నాకందిన పొగడ్తల్లో నేను నమ్మింది ఇదొక్కటే. పైకి మాత్రం, తిట్లు కూడా పట్టుకుపో, ఊరికే ఇస్తున్నానన్నాను.

పోయిన నెల వచ్చినప్పుడు, పని చేస్తూ మూడు నాలుగు సార్లు ఎడమ భుజం నొక్కుకున్నాడు. ఆ డొక్కు బండి మార్చు, భుజం దానంతటదే బాగవుతుందన్నాను. నవ్వి, మళ్లీ కీబోర్డు మీదికి వంగాడు. డాక్టరు గుండె పరీక్ష చేయించుకోమన్నాడట. ఈ నెల అప్‌డేట్‌లు అన్ని కొట్లలో అయినాక పోతానన్నాడట. ఆ ఫోనులోనే ఆయన భార్య చెప్పింది. అదీ తెలిసిన రోగమే, దారి ఉన్న రోగమే. తెరమీద అక్షరం పోనివ్వని నేను, పక్క స్టూలు మీది మనిషిని చదవలేదు. ఆఖరుగా ఏం చేసినారని ఆయన నన్నడిగితే, పరాచికమాడానని చెప్పాలి.

మా అబ్బాయి షోళింగనల్లూరు కంప్యూటరు కంపెనీ ఒకదానితో మాట్లాడాడు. సరిచేసిన అప్‌డేట్ వచ్చిందట. వాళ్లు మనిషిని పంపనక్కర్లేదు, కూర్చున్నచోటి నుంచే ఆరింటికీ ఒక్కసారే వేసేస్తారట. వద్దన్నాను. ముందు నాదానికి, మిగతావి ఆగాలన్నాను.

"ఏందిమ్మా, మళ్లీ నీదే చెడాలనా?"

అవునన్నాను.

ఈ పొద్దున వేశారు. నా మిషనుకు ప్రింటరు ఇప్పుడూ కనబడలేదు. వంగి, వైరు నేనే లాగాను. తెరమీద వచ్చినదాన్ని అక్షరం పోకుండా పైకి చదివాను. దానికి ముందు ఏం నొక్కానో అదీ చెప్పాను. తిట్టడానికి మాత్రం నోరు రాలేదు. పక్కన స్టూలు అట్లాగే ఉంది. వెనక ఐదు మిషన్లూ మామూలుగా పనిచేసుకుంటున్నాయి. ప్రింటరు ఎవరివో కాగితాలు ఒకదాని వెంట ఒకటి బయటికి వదులుతూనే ఉంది.