జోడీ కొలత

ప్రయోగశాలలో ఎలుకల గది చూసుకునే ఆవిడని అందరూ ఎలుకలత్త అంటారు. పేరు పెట్టింది గేటు దగ్గరి కాపలా మనిషి. కోడళ్ళకి కొలిచి వడ్డించే అత్తలాగా ఎలుకలకి పలుకు పలుకూ తూచి పెడుతుందని అతగాడి వేళాకోళం. ఆవిడా నవ్వేసేది. ఈమధ్య ఆ నవ్వు ఆగిపోయింది. భయం ఆవిడని లోపల్నించి తినేస్తోంది మరి.

ఆవిడకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దదానికి పేగుల జబ్బు. రెండు ముద్దలు దిగేసరికి కడుపు పట్టుకుంటుంది. ఎన్ని మందులు మింగినా ఒళ్ళు రాలేదు. ఆ భయం పాతది, దానితో కాపురం చేయడం అలవాటైపోయింది. కొత్త భయం చిన్నదాని గౌను దగ్గర మొదలైంది. బడి తెరిచే ముందు, పోయినేడాది గౌనుకి అంచు విప్పి పొడుగు చేద్దామని పిల్లకి తొడిగి చూసింది. విప్పే పనే లేదు. మోకాళ్ళ దగ్గర సరిగ్గా సరిపోయింది, నడుము దగ్గర ఇంకా వదులైంది. ఎనిమిదేళ్ళ పిల్ల ఏడాదిగా ఎదగనే లేదు!

"దీనికీ అదే జబ్బంటావా?" అన్నాడు మొగుడు.

"మీ నోట ఒక్క మంచి మాట రాదా?" అని కసిరింది. తన మనసులో ఉన్నదీ ఆ మాటే.

ఆసుపత్రిలో రక్తం తీశారు, కడుపు స్కాన్ చేశారు. ఏమీ లేదన్నారు. ఏమీ లేదంటే ఎవరైనా హమ్మయ్య అనుకుంటారు. ఆవిడ ఇంకా హడలిపోయింది. పేరున్న రోగమైతే మందుంటుంది, పేరే లేనిదాన్ని ఎక్కడని పట్టుకుంటాం? జడ వేస్తూ పిల్ల మెడ తడిమి, పుల్లలా తగిలితే చెయ్యి వెనక్కి తీసుకునేది.

ఎలుకల గదిలో మూడు వరసల పంజరాలున్నాయి. మొదటి వరసకి మంచి మేత, తిన్నంత. రెండో వరసకి మాంసకృత్తులు తగ్గించిన మేత. అది సయించక అవి సగం వదిలేస్తాయి, ఎదగవు. మేతలో సారం లేక ఎదగలేదా, లేక తిన్నదే తక్కువై ఎదగలేదా? అది తేల్చడానికే మూడో వరస. దీనికి పెట్టేదీ మంచి మేతే. కాకపోతే ఇక్కడి ప్రతి ఎలుకకీ రెండో వరసలో ఒక జోడీ ఉంటుంది. ఆ జోడీ నిన్న ఎంత తిన్నదో, దీనికి ఇవాళ అంతే. ఆకలితో గిన్నె నాకినా అంతే. దాన్నే జోడీ కొలత అంటారు. రోగం లేదు, మేతలో లోపం లేదు, అయినా మూడో వరస ఎలుకలు మొదటి వరస వాటి పక్కన గిడసబారి కనిపిస్తాయి.

ఆ రోజు రెండో వరసలో ఒకటి చచ్చిపడి ఉంది. పరిశోధన చేసే మేడం వంగి చూసింది.

"దీని జోడీకి ఇక కొలత వద్దు. నిండా పెట్టేయండి. చూస్తూ ఉండండి, గబగబా ఎదిగిపోతుంది," అంది, మామూలుగా.

ఎలుకలత్త చేతిలో మేత గిన్నె జారి నేలంతా చిందింది. మేడం మాట ఎలుక గురించే, కానీ ఆవిడ కళ్ళ ముందు కదిలినవి ఇంట్లో రెండు కంచాలు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట. గిన్నెలన్నీ తూచిన మనిషి, కన్నపిల్లల కంచాలు కలిపి చూడలేదు.

ఆ సాయంత్రం చూసింది. చిన్నది ముద్ద ఎత్తేముందు అక్క కంచంలోకి తొంగి చూస్తోంది. అక్క చెయ్యి ఆగగానే దీని చెయ్యీ ఆగింది. ఆవిడ పిల్ల చెయ్యి కడిగిస్తూ మెల్లిగా అడిగింది.

"ఆకలి లేదా తల్లీ?"

"ఉంది."

"మరి తినవేం?"

"నేను ఎక్కువ తింటే నువ్వు అక్కని తిడతావుగా. చెల్లిని చూసి నేర్చుకో అంటావుగా. అక్క దుప్పటి కప్పుకుని ఏడుస్తుంది."

పూటపూటా ఆ మాట అన్నది తనే. పెద్దది నాలుగు ముద్దలు తినాలన్న ఆత్రంతోనే అంది. ఇక తిట్టనని ఒట్టేసింది. చిన్నది తలూపింది. మర్నాడు మళ్ళీ అక్క కంచంలోకే చూసి, మళ్ళీ అక్కడే ఆగింది. మేడం మాట చెవుల్లో హోరెత్తింది. జోడీ పోతే గానీ... ఆ పైన అనుకోవడానికి తల్లిప్రాణం ఒప్పుకోలేదు.

ఆ మరుసటి పూట నుంచి పెద్దదానికి లోపలి గదిలో మంచం మీదే పెట్టింది. అది రెండు ముద్దలు తిని కంచం తోసేసింది. మిగిలిందంతా ఆవిడ తలుపు చాటున నిలబడి గబగబా మింగింది. పెద్దది చూస్తూనే ఉంది.

"అమ్మా, రెండోసారి కూడా పెట్టించుకున్నానని చెప్పు," అంది గుసగుసగా.

ఆవిడ ఖాళీ కంచంతో ఇవతలికి వచ్చి ఆ మాటే చెప్పింది. చిన్నది ఆ కంచాన్ని తేరిపార చూసింది. తర్వాత తన కంచంలోది ఊడ్చినట్టు తినేసింది.

"అయితే నాకూ రెండోసారి!" అంటూ కంచం చాపింది.

లోపల పెద్దది వాంతి చేసుకుంటున్న చప్పుడు చిన్నదాని చెవిన పడకుండా, ఆవిడ గరిటెని గిన్నెకేసి గట్టిగా కొడుతూ వడ్డించింది.