రెండో వేలు చూడటానికి నాగాయలంక ప్రయాణం

ఒక కాలివేలు చూసి రావటానికి బెజవాడ నుంచి నాగాయలంక దాకా వెళ్ళినవాళ్ళు నాకు ముందు ఎవరూ ఉండరనుకుంటాను. నా తర్వాత ఎవరికైనా అవసరం పడితే దారి తెలుస్తుందని రాస్తున్నాను.

అప్పట్లో నేను రబ్బరు సామాన్లకు అచ్చులు డిజైన్ చేసే ఆఫీసులో పనిచేసేదాన్ని. వాషర్లు, సైకిల్ పెడళ్ళు, ఇవీ మా సరుకు. నేను కంప్యూటర్లో గీసిన బొమ్మను బందరు పంపితే, అక్కడ రోల్డ్ గోల్డ్ నగలకు డైలు కోసే సుబ్బారావు గారి మెషిను దాన్ని ఇనుములో తొలిచిపెట్టేది. ఒకరోజు మా పక్క సందులో కృత్రిమ కాళ్ళు చేసే వర్క్‌షాపు వాళ్ళు ఒక పాదం పని తెచ్చారు. నాగాయలంకలో చేపలమ్మే నాంచారమ్మకు పాము కరిచి, పుండు ముదిరి, ఎడమ పాదం తీసేశారట. రబ్బరు పాదం ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి పంపేసిందట. దానికి బొటనవేలొక్కటే విడిగా ఉంటుంది, తక్కిన నాలుగూ కలిసే ఉంటాయి. "రెండో వేలు విడిగా లేకపోతే మెట్టె ఎక్కడ పెట్టుకోను? నా మొగుడు బతికే ఉన్నాడు కదా!" అన్నదట.

చూడకుండానే ఆవిడ నాకు నచ్చేసింది.

ఆవిడ కుడిపాదానికి ప్లాస్టర్ అచ్చు తీసి తెచ్చారు. దాన్ని చూసి కంప్యూటర్లో పాదం మలిచి, అద్దంలో కనిపించినట్టు తిప్పితే ఎడమపాదం వస్తుంది. మలచటం సరదా పనే, బంకమట్టిలాగా ఇక్కడ లాగటం, అక్కడ నొక్కటం. కానీ తెరమీద పాదం ఎంత ముద్దుగా ఉన్నా అది ఉబ్బిన పూరీయే, పై పొర తప్ప లోపల ఏమీ ఉండదు. మెషిను కోయాలంటే దాన్ని సాలిడ్‌గా మార్చాలి. పొరలో ఎక్కడ చిల్లి ఉన్నా, ఒక మడత ఇంకో మడతలోకి దూరినా కంప్యూటర్ అక్కడ ఎర్రగీత పెడుతుంది, ఒప్పుకోదు. మాది ఎప్పుడూ రెండో వేలి మొదట్లోనే ఆగిపోయేది. అచ్చులో అక్కడొక బొడిపె ఉంది. ఉంచితే పక్కవేళ్ళలోకి దూరుతుంది. తీసేస్తే అసలు వేలెంత లావో తెలియక, వేళ్ళన్నీ అతుక్కుని మళ్ళీ ఆవిడ వద్దన్న పాదమే తయారవుతుంది.

"వెళ్ళి ఆ బొడిపె సంగతేంటో చూసి రా" అని మా మేనేజరు ఆఫీసు లాప్‌టాప్ నాకిచ్చాడు, పసిపిల్లను అప్పగించినన్ని జాగ్రత్తలు చెప్పి.

తెల్లవారుతూనే బందరు ప్యాసింజరెక్కాను. గుడివాడలో బండి తీరిగ్గా ఆగుతుంది, ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ వేడిగా దొరుకుతుంది, కారప్పొడి అడిగి వేయించుకోవాలి. అక్కడ గుడ్లవల్లేరు కాలేజీకి వెళ్ళే ఇంజనీరింగ్ పిల్లలు ఎక్కారు. లాప్‌టాప్ తెరిచాను. అదంటే జనం ఇంకా వంగి చూసే రోజులవి. ఎదురుగా కూర్చున్న పెద్దాయన కూడా కళ్ళజోడు సర్దుకుని తెరలోకి చూశాడు.

"పాదం చాలా బాగుందమ్మా. ఏ దేవుడిది?"

"నాంచారమ్మదండి."

ఆయన కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు. చెబితే నొచ్చుకుంటాడని నేనూ ఊరుకున్నాను.

బందరులో దిగి ముందు సుబ్బారావు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయనది మెత్తని గొంతు, గట్టి మాట. "బొడిపె ఉన్నా లేకపోయినా నాకొకటేనమ్మా, సాలిడ్ ఇవ్వు. ఉత్త పొరలు తెస్తే నా మెషిను గాలిని కోస్తుంది. సాయంత్రం దాకా ఖాళీ పెడతాను. రేపట్నుంచి పెళ్ళిళ్ళ వడ్డాణాలు, ఇక నన్ను అడగొద్దు." అంటే ఇవాళ కాకపోతే నాంచారమ్మ పాదం పెళ్ళిళ్ళ సీజన్ దాటాకే.

బస్టాండులో అవనిగడ్డ బస్సు కదలబోతుంటే పరిగెత్తి ఎక్కాను. చల్లపల్లి దాటాక రెండు పక్కలా వరి, అరటి. పులిగడ్డ దగ్గర కృష్ణ దాటితే దివిసీమ. అవనిగడ్డలో బస్సు మారాలి. నాగాయలంక బస్సులో పక్కసీటావిడ నా ఒళ్ళో సంచీ చూసి, "పట్టుచీరలమ్ముతావా?" అని అడిగి, కాదంటే చిన్నబుచ్చుకుంది.

నాంచారమ్మ ఇల్లు కరకట్ట దిగగానే. ఆవిడ చంక కింద కర్రతో గుమ్మం దాకా ఎదురొచ్చింది. భర్త ఏడుకొండలు అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. అత్తగారు పొయ్యి దగ్గర నుంచే, "పండుగప్ప పులుసుంది, తినకుండా వెళ్తే ఒప్పుకోను" అని కేకేసింది.

పీట మీద పసుపు రాసిన కుడిపాదం చాపితే చూశాను. రెండో వేలికి ఒకటి కాదు, రెండు మెట్టెలున్నాయి, ఒకదానిమీద ఒకటి.

"ఇదేంటండీ, రెండూ ఒక వేలికే?"

"ఆస్పత్రిలో కాలు తీశాక నర్సమ్మ ఆ కాలి మెట్టెను కాగితంలో చుట్టి ఇచ్చిందండీ. పెట్టెలో దాస్తే తీసేసినట్టేగా? అందుకని ఈ కాలికే ఎక్కించా."

"ప్లాస్టర్ పోసేటప్పుడు తీయమనలేదా?"

"అన్నారు. నేను తియ్యనన్నా. పైనే పోసేశారు."

అదీ బొడిపె. ఆఫీసులో అందరం కలిసి వారమంతా చెరిపేయాలని చూసింది దీన్నే. కాసిని మంచినీళ్ళడిగి తాగాను.

వేలు కొలవాలంటే రెండూ తీయాలని చెప్పగానే ఆవిడ పాదం చీర కిందికి లాగేసుకుంది. "వేరే ఏదన్నా చెప్పండమ్మా, చేస్తా. ఇది మాత్రం వద్దు." ఏడుకొండలు తలెత్తకుండా వల అల్లుతున్నాడు. ఎటూ తోచక నేను సెల్ చార్జింగ్ చూసుకుంటున్నట్టు నటించాను.

ఇంతలో అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చింది, దారప్పోగుకు పసుపు రాసి. "తాళి మార్చుకునేటప్పుడు ముందు పసుపుతాడు కట్టుకోవటం లేదటే? దీనికీ అంతే. దారముండగా తీసినా తీసినట్టు కాదు." ఆ మాట చెప్పి మెట్టెల వెనక, వేలి మొదట్లో దారం కట్టేసింది. తర్వాత కొడుకును పిలిచింది. "పెట్టినవాడివి నువ్వే తియ్యరా."

కొబ్బరినూనె రాసినా మెట్టెలు కదలవు. ఏడుకొండలుకు చెయ్యి వణుకుతోంది.

"పెళ్ళిలోనూ ఇంతేనండీ," అంది నాంచారమ్మ నాతో, "వణికి సన్నికల్లు మీద పడేశాడు."

"అప్పుడు నీ వేలు సన్నంగా ఉందే!" అన్నాడాయన. అందరం నవ్వుతుండగా మెట్టెలు ఊడొచ్చాయి.

మెట్టెల కింద వేలు తెల్లగా, నడుము సన్నగా ఉంది. నేను వెర్నియర్ పెట్టి కొలుస్తుంటే ఆవిడకు కితకితలు. కొలతలు కంప్యూటర్లో వేసి, బొడిపె తీసి, వేలికి సన్నని నడుము పెట్టాను. అటూ ఇటూ గాలాడేంత సందు ఉంచి మీట నొక్కాను. నలుగురం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఈసారి ఎక్కడా ఎర్రగీత రాలేదు. పాదాన్ని తెరమీదే అడ్డంగా కోసి చూపించాను, లోపలంతా నిండుగా ఉంది. ఇక పూరీ కాదు, కుడుము.

భోజనమయ్యాక ఏడుకొండలు ఒక మెట్టె తొడిగాడు. రెండోది తొడగబోతే నాంచారమ్మ ఆపి, దాన్ని నా చేతిలో పెట్టింది.

"కొలత తీసుకున్నానండీ, ఇది అక్కర్లేదు" అన్నాను.

"కొలత మీకండీ. మెట్టె దానికి."

"మెట్టె ఊరు దాటిస్తావటే?" అంది అత్తగారు.

"ఇది ఎడంకాలిది అత్తా. ఆ కాలెక్కడ తయారవుతుంటే ఇదీ అక్కడే ఉండాలి."

అత్తగారు లోపలికెళ్ళి చిటికెడు పసుపు తెచ్చి, నా రుమాల్లో మెట్టె మీద వేసి ముడేసింది.

గడువు దాటకముందే బందరు చేరాను. సుబ్బారావు గారు పాదాన్ని అన్నివైపులా తిప్పి చూసి, "సాలిడే. ఈ సందు భలే తీశావమ్మా" అని ఇనుప దిమ్మె బిగించారు. మొదటి పొట్టు రాలేదాకా నిలబడి చూసి, బెజవాడ బండికి వెళ్ళాను. అచ్చు వెనకాలే వస్తుంది, అందులో రబ్బరు నొక్కి పాదం చేసేది మా పక్క సందు వర్క్‌షాపులోనే.

ఇన్నేళ్ళలో నేను గీసినవాటి కోసం ఎవరూ ఎదురు చూడలేదు. వాషరు కోసం ఎవరు ఎదురు చూస్తారు? ఆ సాయంత్రం మాత్రం పెడన దాటుతున్నా, గుడివాడ దాటుతున్నా నాకు ఎంత సంతోషంగా ఉందో, అంత భయంగానూ ఉంది.

"మాటిమాటికీ ఆ రుమాలు తడుముతున్నావు, బంగారమా అమ్మా?" అంది ఎదుటి సీటు ముసలావిడ.

"కాదండీ, వెండి మెట్టె."

"నీదా?"

"నాగాయలంకలో ఒకావిడ ఎడంకాలిది."

"పారేసుకుందా? ఇవ్వటానికి వెళ్తున్నావా?"

"లేదండీ. కాలు బెజవాడలో తయారవుతుంది. దానికివ్వటానికి వెళ్తున్నాను."

ఆవిడ నన్నోసారి, రుమాలునోసారి చూసింది. ఏమనుకుందో ఏమో, కిటికీ దగ్గర్నుంచి లేచి, "నువ్విటు లోపలికి కూర్చో తల్లీ, మెట్టె భద్రం" అని, తాను అంచున కూర్చుంది.