ఫిలడెల్ఫియాలో మా తమ్ముడు వండిన పప్పు

"అక్కా, శుక్రవారం లంచ్ నేనే లీడ్ చేస్తున్నాను. నువ్వు రావాలి. చూశాక చెప్పు" అని మా తమ్ముడు రఘు ఫోన్ చేశాడు. చెప్పవలసిందేమిటో ఇద్దరికీ తెలుసు. రఘుకు స్కిజోఫ్రీనియా. చాలా ఏళ్లు న్యూజెర్సీలోని పిస్కాటవేలో మా ఇంట్లోనే ఉన్నాడు. కిందటేడు చికిత్సకని ఫిలడెల్ఫియా వెళ్లాడు. ఇప్పుడు అక్కడే ఒక స్నేహితుడితో కలిసి చిన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటానంటున్నాడు. నేను వద్దంటే మళ్లీ మా ఇంటికే వచ్చేస్తాడు. మాలో పెద్దదాన్ని, నా మాట దాటడు. అందుకే నా మాటంటే నాకే భయం వేసింది. దేవుడి దగ్గర దీపం పెట్టి, ఏం చెప్పాలో నువ్వే చెప్పు స్వామీ అనుకుని బయలుదేరాను.

ఇలా మనవాళ్లను చూడటానికి వెళ్లేవారికి పనికొస్తుందని దారి కూడా రాస్తున్నాను. కారు తీయలేదు. తెల్లవారి ఆరు దాటాక ఎడిసన్ స్టేషన్‌లో ట్రెంటన్ రైలెక్కాను. ట్రెంటన్‌లో దిగి ఫిలడెల్ఫియా లోకల్ పట్టుకోవాలి. రెండు టికెట్లూ కలిపి ఇరవై డాలర్లకు అటూ ఇటూ. ఆ మధ్యలో కాఫీ తాగుదామని ఆశ పెట్టుకోకండి, రెండో రైలు మన కోసం ఆగదు. డెలావేర్ నది దాటుతుంటే నీళ్ల మీద ఎండ పడింది. చేతిలో జపమాల ఉంది కానీ, ఆ కాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను.

స్టేషన్ నుంచి క్యాబ్‌కు పన్నెండు డాలర్లయింది. డ్రైవర్ హైతీ దేశస్థుడు. అడ్రస్ చూసి, "ఆ ఇల్లా! మా మేనల్లుడు అక్కడికే వెళ్తాడు. మీరు డాక్టరా?" అన్నాడు.

"కాదు. ఒకతనికి అక్కను."

"అయితే మీ చేత పని చేయిస్తారు. మా చెల్లెలు ఊరికే చూసొద్దామని వెళ్లింది. కిటికీలు తుడిపించి పంపారు!"

ఆయన చెప్పింది నిజమే. మానసిక జబ్బు ఉన్నవాళ్లు పగటిపూట వచ్చి కలిసి పనిచేసుకునే ఇలాంటి చోటును క్లబ్‌హౌస్ అంటారు. డాక్టరు, మందులు, కౌన్సెలింగ్ వేరేచోట. ఇక్కడ పేషెంట్ అనే మాటే వినపడదు, అందరూ మెంబర్లే. ఇంటి పనంతా మెంబర్లూ స్టాఫూ కలిసే చేస్తారు. ఉదయం మీటింగ్‌లో ఒక్కో పనీ చదువుతుంటే, ఇష్టమైన వాళ్లు చెయ్యెత్తి తీసుకుంటారు. చుట్టంగా వచ్చినవాళ్లకూ మినహాయింపు లేదు. వంట అనగానే నా చెయ్యి లేచింది.

ఆ రోజు ముప్పైమందికి టమాటా పప్పు, క్యాబేజీ కూర, అన్నం. రఘు ఏప్రన్ కట్టుకుని పొయ్యి ముందు నిలబడ్డాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. నా ముందు కత్తి, పీట పెట్టి, "అక్కా, నీది క్యాబేజీ" అన్నాడు.

"పోపు నేను పెడతాలేరా."

"క్యాబేజీ, అక్కా."

పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న డెనీస్ నవ్వింది. "వాదించకండి. పొద్దున నేనూ ఓడిపోయాను." డెనీస్ స్టాఫో మెంబరో నాకు సాయంత్రం దాకా తెలియలేదు. అడగడం అక్కడ మర్యాద కాదు.

రఘు బియ్యం తేవడానికి స్టోర్ రూంలోకి వెళ్లాడు. పప్పు తుకతుక ఉడుకుతోంది. మన ఇళ్లలో తమ్ముడు వండుతుంటే అక్క అడిగి ఉప్పు వేస్తుందా? చెయ్యి దానంతటదే వెళ్లింది. ఒక గుప్పెడు వేసి కలిపాను. రఘు వచ్చి గరిటెతో రుచి చూసి ఆగిపోయాడు.

ఒకప్పుడు ఇంతకన్నా చిన్న విషయానికే గది తలుపు వేసుకునేవాడు. అందరూ నిన్ను చూసి నవ్వుతున్నారని, వాడికి మాత్రమే వినిపించే గొంతులు చెప్పేవి. వారాల తరబడి తలుపు దగ్గర కంచం పెట్టి వచ్చేదాన్ని. నాలో నేను రామా, రామా అనుకున్నాను. రఘు రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనించి, గట్టు అంచు పట్టుకుని, నిదానంగా ఊపిరి వదిలాడు. అది కౌన్సెలర్ నేర్పింది. గొంతులు ఇప్పటికీ వస్తాయట. వాటితో వాదించడు. విన్నాను, ఇప్పుడు పనుంది అనుకుని చేతిలో పని మీదికి వస్తాడు.

ఇటు తిరిగాడు. "అక్కా, ఉప్పు వేశావా?"

"వేశాన్రా."

"నేనూ వేశాను."

డెనీస్ వచ్చి ఒక చెంచా నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. "ఇది పప్పు కాదు. అట్లాంటిక్."

రఘు పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. నవ్వుతూనే, "డెనీస్, ఇంకో గిన్నె పప్పు పెట్టు, ఉప్పు లేకుండా. రెండూ కలిపేద్దాం. అక్కా, నువ్వు టమాటాలు కొయ్యి. ఆ ఉప్పు డబ్బా ఇటివ్వు" అన్నాడు. ఇచ్చేశాను.

భోజనం కొంచెం ఆలస్యమైంది, ఎవరూ పట్టించుకోలేదు. తలా రెండు డాలర్లు పెట్టి కడుపు నిండా తిన్నారు. పప్పు రెట్టింపయింది కాబట్టి డబ్బాల్లో ఇళ్లకూ పట్టుకెళ్లారు. ఒక పెద్దాయన మూడోసారి వడ్డించుకుంటూ, "రేపూ ఇలాగే పొరపాటు చేయండి" అన్నాడు.

గిన్నెలు కడిగాక ఇద్దరం బయట మెట్ల మీద కూర్చున్నాం. "ఏమంటావక్కా?" అన్నాడు రఘు.

"మందులు?"

"నెలకోసారి ఇంజెక్షన్. కౌన్సెలింగ్ ప్రతి బుధవారం. ఎప్పుడైనా తేడాగా అనిపిస్తే ముందు ఎవరికి కాల్ చేయాలో డిసైడ్ చేసుకున్నాను. ఫస్ట్ నంబర్ నీది కాదు."

"మరి నాది?"

"సెకండ్."

నొచ్చుకున్నాననుకున్నాడేమో, నా ముఖంలోకి చూశాడు.

"పాలు పొంగించడానికి ఎప్పుడు రమ్మంటావు?" అన్నాను.

వాడికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తల వంచుకుని కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత, "అక్కా, అక్కడ పాలు పొంగితే స్మోక్ అలారం మోగుతుంది" అన్నాడు.

"మోగనీరా. మేళతాళాలనుకుందాం."

సాయంత్రం రైల్లో జపమాల తీశాను. ఇన్నేళ్లుగా నా ప్రార్థన ఒకటే, వాణ్ణి బాగు చేయి తండ్రీ అని. జబ్బు పూర్తిగా పోలేదు. ఎప్పుడైనా తిరగబెట్టవచ్చు. అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ రోజు అడగడానికి ఏమీ తోచలేదు. చల్లగా చూశావు అని మాత్రం అనుకున్నాను. ఎడిసన్ వచ్చేదాకా అదే అనుకుంటూ కూర్చున్నాను.

మీరూ ఇలాంటి ఇంటికి వెళ్లాలనుకుంటే, పనులు పంచుకునే మీటింగ్‌కు ముందే చేరండి. ఏ రోజు రావచ్చో ఆఫీసును అడిగే ముందు మీవాళ్లనే అడగండి. అది వాళ్ల ఇల్లు. వాళ్లు పిలిస్తే వెళ్లండి.