అప్పీలులో కొట్టేయించిన పేరా

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఏడేళ్లు ఫీజుల కౌంటర్ చూశాను. పిల్లలు కట్టిన ఫీజులో కొంత, దొంగ రసీదులిచ్చి, వాడుకున్నాను. మొదట అన్న ఆపరేషన్ కోసం, తర్వాత ఏ అవసరమూ లేకుండానే. కోర్టు ఏడాది జైలుశిక్ష వేసింది. అప్పీలు చేసుకోవడానికి నెల గడువిచ్చి బెయిలు మీద పంపింది.

నా భార్యకు మాత్రం మొదటినుంచీ "నేను తీయలే" అనే చెప్పాను. ఆమె నమ్మింది. హయత్‌నగర్‌లో మా పక్కింటివాళ్లతో ఆ మాట మీదే పోట్లాడింది.

మా వకీలుది విజయవాడ వైపు. ఎల్బీనగర్ కోర్టు దగ్గరున్న తన ఆఫీసులో మా ఇద్దరికీ అప్పీలు చదివి వినిపించాడు. ఒక పేరా దగ్గర నా భార్య ఆపమంది. నా పక్క కౌంటర్ అమ్మాయికి కూడా నా కంప్యూటర్ పాస్‌వర్డ్ తెలుసని, దొంగ రసీదులు ఆమె తీసి ఉండవచ్చని అందులో ఉంది.

"గా పిల్లనే చేసిందా?" అని నన్నడిగింది.

వకీలే జవాబిచ్చాడు. "చేసిందని అనట్లేదమ్మా. చేసుండొచ్చు అంటున్నాం. జడ్జిగారికి అనుమానం కలిగితే చాలు."

ఆ అమ్మాయి బడంగ్‌పేట్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. నాకు జ్వరమొస్తే నా కౌంటరూ తనే చూసేది. నేను పాస్‌వర్డ్ ఇచ్చింది అందుకే. నాలుగు పొడి వాక్యాల్లో ఆమె దొంగయిపోవడం చూసి నాకు భయమేసింది.

"ఆమె తీయలే," అన్నాను. "నేనే తీసిన."

వకీలు పెన్ను కింద పెట్టాడు. నా భార్య నావైపు తిరిగింది.

"గీ మాట నాకు ముందుగాల ఎందుకు చెప్పలే?" అంది, గొంతు పెంచకుండా. లేచి బయటికి వెళ్లిపోయింది.

"ఇది తీసేస్తే మన వాదన నిలబడదండీ. శిక్ష తగ్గించమని మాత్రమే అడగగలం," అన్నాడు వకీలు.

"గదే అడుగుండ్రి సార్."

పది రోజులు నా భార్య నాతో మాట్లాడలేదు. తర్వాత అప్పీలు వాయిదాలకు మాత్రం వచ్చి వెనక బెంచీలో కూర్చునేది. పై కోర్టు నేరం రుజువైందన్న తీర్పును అలాగే ఉంచి, శిక్షను మూడు నెలలకు తగ్గించింది. వెళ్లి అనుభవించి వచ్చాను.

ఇప్పుడు నాగోల్‌లో ఒక టైల్స్ దుకాణంలో సరుకు ఎక్కించి దించుతున్నాను. నా సంగతి సేటుకు చెప్పే చేరాను. ఆ పేరా గురించి ఆ అమ్మాయికి ఎప్పటికీ తెలియదనుకుంటాను. నా భార్య ఇప్పటికీ, పని దగ్గర లేటయిందని చెప్పినా సరే, ఒక్క క్షణం నా మొహం చూసిగానీ తలూపదు. మొదట్లో అది గుచ్చుకునేది. ఇప్పుడు, చూసేదాకా ఆగుతాను.