మూత మీద పసుపు బొట్టు

పోయిన దసరాకి మా వదిన కొడుకు కొత్త కారు కొన్నాడు. కరెంటుతో నడిచే కారు. హూడిలో వాళ్ళ అపార్ట్‌మెంటు కింద, స్తంభాల మధ్య నిలబెట్టి ఆయుధపూజ చేశారు. వదినకి మోకాళ్ళు సహకరించవు, అయినా పసుపు గిన్నె ఇంకొకరి చేతికి ఇవ్వదు. ముందు అద్దం నుంచి వెనక దీపాల దాకా ఒక్క చోటు వదలకుండా బొట్లు పెట్టుకుంటూ పోయింది. కారు పక్కన, చార్జింగు వైరు తగిలించే చోటుకుండే చిన్న మూత దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె వేలు గాలిలోనే ఆగిపోయింది. "అక్కడ కూడా పెట్టమ్మా," అన్నాడు వాడు. వినిపించుకోనట్టు చక్రం దగ్గరికి జరిగి వంగింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళు చెమర్చాయి. ఆ వేలు ఎందుకు ఆగిందో తెలిసినవాళ్ళలో, ఆమె కాక, ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

ఎనభైల మొదట్లో మేము బొమ్మనహళ్ళిలో ఉండేవాళ్ళం. నాయనకి ఒక పాత పెట్రోలు లారీ ఉండేది. మిలిటరీ వాళ్ళు ఇక వద్దనుకుని వేలం వేసిన బండి. అత్తిబెలె దిక్కు బట్టీల నుంచి దాంట్లో ఇటుకలు తెచ్చి ఊళ్ళో ఇళ్ళు కట్టేవాళ్ళకి దించేవాడు. నీళ్ళు తాగినట్టు పెట్రోలు తాగేది. డీజిలు బండి కొనుక్కోరాదా అని అందరూ చెప్పేవాళ్ళు, నాయన బుద్ధిగా తలూపేవాడు, కొనేవాడు కాదు. బండి మొరాయిస్తే విసుక్కోవడం, తిట్టడం ఆయనకి రాదు. బానెట్ మీద చెయ్యి వేసి, "ఏమైందమ్మా నీకు?" అని అడిగేవాడు. బండి వైద్యంలో ఆయనకి ఒకటే పద్ధతి: ఒక దఫాకి ఒక్కటే ముట్టుకోవాలి. ప్లగ్గూ కార్బొరేటరూ కలిపి విప్పితే, బాగయ్యాక దేనివల్ల బాగైందో తెలియదు, రోగం లోపలే దాక్కుంటుంది అనేవాడు. మా జ్వరాలకీ ఇదే పద్ధతి. కషాయం తాగించిన పూట మాత్ర మింగనిచ్చేవాడు కాదు. జ్వరంతో పాటు ఆయన పద్ధతినీ భరించి పెరిగాం మేము.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయన వాళ్ళ అక్క, అంటే మా అత్త, ఇల్లు నడిపేది. మంచిదే, కానీ ఆమె ఒక మాట అన్నదంటే మా ఇంట్లో అది శాసనం. ఎదురు చెప్పే అలవాటు ఎవరికీ లేదు, అన్నకి అసలే లేదు. ఒక ఏడు వేసవిలో అన్నకి పెళ్ళైంది. వదిన కోలారు దిక్కు పల్లె పిల్ల. గట్టిగా మాట్లాడితే పిల్లి కూడా లేచిపోతుందేమో అన్నంత మెల్లగా మాట్లాడేది. దసరా వచ్చింది. అమ్మ పోయాక లారీకి అన్నేళ్ళూ నాయనే ఏదో తొందర తొందరగా నాలుగు బొట్లు పెట్టి ముగించేవాడు. ఆ ఏడు పసుపు గిన్నె వదిన చేతికిచ్చి, "ఇంటికి లక్ష్మి వచ్చినాది, ఇంక నాకేం పని," అన్నాడు. కుంకుమ పళ్ళెం పట్టుకుని ఆమె వెనక తిరిగింది నేను. ఆమె పెట్టిన బొట్లు ఇప్పటికీ కళ్ళ ముందున్నాయి. చిక్కటి పసుపు, గుండ్రంగా గీసినట్టు, నడుమ కుంకుమ. స్టీరింగుకి, దీపాలకి, చక్రాల బోల్టులకి కూడా పెట్టింది. బూడిద గుమ్మడికాయ పగిలింది, టైర్ల కింద నిమ్మకాయలు నలిగాయి, అందరం పులిహోర తిన్నాం.

పండగ మర్నాడు అత్తిబెలెలో చుట్టాలింటికి వదినని చూపించుకురావడానికి అత్త ఆమెను నాయన నడిపే లారీలో ఎక్కించుకుని బయల్దేరింది. చందాపుర దాటినాక ఎంజిన్ రెండు సార్లు దగ్గింది, ఢామ్మని పేలింది, ఆగిపోయింది. చెట్టు మీద కాకులన్నీ లేచిపోయాయని అత్త తర్వాత వారం రోజులు చెప్పింది. నాయన ప్లగ్గులు విప్పి గరుకైన ఉప్పుకాగితంతో రుద్దుతుంటే, అత్త వదినని బండి దింపి దూరంగా కానుగ చెట్టు కింద నిలబెట్టి, సంచిలోంచి నిమ్మకాయ తీసి ఎంజిన్‌కి దిష్టి తీసింది. బండి లేచింది! ఇంకేం కావాలి? కొత్త కోడలు ఎక్కితే ఆగింది, దిగితే లేచింది. ఆమెని మళ్ళీ ఎక్కనివ్వకుండా అటునుంచి అటే బస్సులో ఇంటికి తీసుకొచ్చేసింది. "ఈ పిల్ల కాలు బాగలేదు. బండి మన కూడు. కొన్నాళ్ళు పుట్టింటికి పంపేది మేలు," అన్నది. ఆ రోజుల్లో అలా పంపిన పిల్ల మళ్ళీ ఎప్పుడొస్తుందో, వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. వదిన ఏడవలేదు. ట్రంకు పెట్టె తెరిచి చీరలు మడతలు పెట్టుకుంది. ఆ మడతలు చూసి నేను ఏడ్చాను.

సాయంత్రం దీపాల వేళకి నాయన వచ్చాడు. ఒళ్ళంతా మసి, ముఖం నిండా నవ్వు. "అక్కా, బండి మళ్ళా చచ్చింది!" అన్నాడు వాకిట్లోంచే.

"నవ్వుతా చెప్తావేమప్పా? మతి ఉండాదా నీకు?"

"ఈ పిల్ల యాడుండాది? ఇంట్లో ఉండాది. అయినా చచ్చింది. పొద్దున ప్లగ్గు రుద్దినాము, నిమ్మకాయ తిప్పినాము, పిల్లని దింపినాము. మూడూ ఒకే దఫా చేసి పిల్ల మీద వేస్తే ఎట్లక్కా?"

సొంత బండి దారిలో చస్తే పండగ చేసుకున్న లారీ యజమాని ప్రపంచంలో మా నాయన ఒక్కడేనేమో. అత్త ఊరుకుంటుందా? దోషం బండికి అంటుకుపోయి ఉంటుందన్నది. "అట్లయితే రేపు ఈ పిల్లనే పక్కన కూచోబెట్టుకుని ఆ దోషమేదో వెతుకుతాను," అన్నాడు నాయన. అత్త తరఫు సాక్షిగా నన్ను పంపింది.

మర్నాడు అదే దారి. చందాపుర దాటామో లేదో అదే దగ్గు, అదే పేలుడు. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాయన మాత్రం స్టీరింగు మీద చేతులు వదిలేసి, "ఎవురూ ఏమీ ముట్టుకోవద్దు. దిగొద్దు. మొక్కుకోవద్దు కూడా," అన్నాడు. ముగ్గురం క్యాబిన్లోనే కూర్చుని డబ్బా విప్పి చిత్రాన్నం తిన్నాం. తిన్నాక తాళం తిప్పితే బండి లేచింది. నాయన తొడ మీద చరుచుకున్నాడు. "చూసినారా, ఏ మందూ వెయ్యకుండానే లేచింది. నిన్నటి మందులన్నీ సుమ్మనే, ఉత్తవే!" మళ్ళీ కొంత దూరం పోయి మళ్ళీ చచ్చింది. ఈసారి ఆయన నేరుగా పెట్రోలు ట్యాంకు దగ్గరికి వెళ్ళి, మమ్మల్ని కూడా పిలిచి, చెవి ఆనించి మెల్లగా మూత తిప్పాడు. ఉస్సుమని లోపలికి గాలి పీల్చుకుంది. నీళ్ళలో మునిగి లేచిన మనిషి ఊపిరి తీసుకున్నట్టే ఉంది ఆ చప్పుడు.

ట్యాంకులోంచి పెట్రోలు పోతుంటే ఆ చోటులోకి గాలి రావాలట. అందుకు మూత నడుమ సూది మొనంత బెజ్జం ఉంటుంది. అది మూసుకుపోతే కాసేపటికి పెట్రోలు దిగదు, ఎంజిన్ దగ్గి, పేలి, ఆగిపోతుంది. ఊరికే ఉంచితే ఏ సందులోంచో గాలి చేరి మళ్ళీ లేస్తుంది. నాయన మూతని వెలుగులోకి తిప్పాడు. సరిగ్గా ఆ బెజ్జం మీద గట్టిగా ఎండిన పసుపు బొట్టు. గుండ్రంగా, నడుమ కుంకుమతో.

వదిన ఆ బొట్టు వైపు వేలు చూపింది. "మామా, అది..." అన్నది.

నాయన ఆమె మాట పూర్తి కానివ్వలేదు. "గాజుకుండే పిన్నీసు ఇట్లా ఇయ్యమ్మా," అని తీసుకుని, బెజ్జంలోంచి పసుపు గీకుతూ, తల ఎత్తకుండానే అన్నాడు: "ఇది నా పనే. ఆ పొద్దు మీరంతా గుమ్మడికాయ కాడ ఉంటే నేనే మూతకి రవంత పూసినా. ముసిలి కండ్లు, బొక్క కానరాలేదు." తర్వాత తలెత్తి నా వైపు చూశాడు. కుంకుమ పళ్ళెం పట్టుకున్నది నేనని ఆయనకి తెలుసు. నేను రోడ్డు వైపు చూశాను.

ఇంటికొచ్చి అత్తకీ అదే చెప్పాడు. అత్త ఆయన్ని దులిపేసింది. చిన్నప్పటినుంచీ ఇంతే, అన్నిట్లో తొందరే అన్నది. అన్నీ అయ్యాక వదిన దగ్గరికి వచ్చి, "పెట్టె మూసెయ్యమ్మా," అన్నది. ఆమె నోట క్షమాపణ అంటే అదే. ఆ తర్వాత ప్రతి దసరాకీ వచ్చినవాళ్ళందరికీ తమ్ముడి తెలివితక్కువతనం కథగా చెప్పేది. నాయన తల దించుకుని వినేవాడు, చాలా సంతోషంగా కనిపించేవాడు. వదినకి గిన్నె ఇస్తూ ఏటా అదే మాట: "అంతటా నువ్వే పెట్టు తల్లీ. మూత మాత్రం నాకు వదులు. తప్పు చేసినోడే దిద్దుకోవాల." బెజ్జానికి పక్కగా, వంకరగా ఒక బొట్టు పెట్టేవాడు. ఆయన చేతి బొట్టు ఎప్పుడూ గుండ్రంగా వచ్చేది కాదు.

లారీ పాత ఇనుముకి పోయింది. తర్వాత అత్త, నాయన, కొన్నేళ్ళ కిందట అన్న పోయారు. హూడిలో ఆ రోజు పిల్లలంతా లిఫ్టులో పైకి వెళ్ళాక వదిన దగ్గర నిలబడి అన్నాను, "ఈ బండికి పెట్రోలే లేదు వదినా, మూసుకుపోడానికి బెజ్జమూ లేదు."

"తెలుసు," అన్నది ఆమె, చేతులు కొంగుకి తుడుచుకుంటూ. "అది మామ పెట్టేది."

బళ్ళు మారాయి, రోడ్డు మారింది, పెట్రోలుకే కాలం చెల్లే రోజులొచ్చాయి. ఎన్ని దసరాలు గడిచినా మా వదిన గిన్నెలో ఒక్క బొట్టుకి సరిపడా పసుపు మాత్రం నాయన కోసం మిగిలే ఉంటోంది.