మూడు పొద్దుల మందు

మా అమ్మ చేతి కషాయం గొప్పతనం గురించి నా ముందు ఎవరైనా మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. కషాయం మంచిది కాదని నేననను. మంచిదే. నా చిన్నప్పటి దగ్గులూ అజీర్తులూ పంటినొప్పులూ ఆమె పోపు డబ్బాతోనే నయమయ్యాయి. నాకు మండేది ఆ మెచ్చుకునే నోళ్లను చూసి. ఆమె చెప్పిన మాటలో వాళ్లందరూ సగమే తీసుకున్నారు.

మా ఊరు జమ్మలమడుగు దగ్గర. అమ్మ పుట్టిల్లు పులివెందుల వైపు, వేంపల్లె పక్కన ఒక పల్లె. వైద్యం ఆమె అక్కడ వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది. దగ్గుకు మిరియాలూ శొంఠీ, కడుపుబ్బరానికి వాము, విరేచనాలకు పెరుగులో నానేసిన మెంతులు, బెణుకుకు పసుపూ సున్నం. పొద్దున్నే మా ఇంటి మెట్ల మీద ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు. వెనక వీధి సాయిబుల ఇళ్ల ఆడవాళ్లు చంటిపిల్లల్ని ఎత్తుకుని వచ్చేవారు. అమ్మ పొట్లం కట్టి చేతిలో పెడుతూ అందరికీ ఒకే మాట చెప్పేది.

"నా మందు మూడు పొద్దులే. నాలుగో పొద్దు డాక్టరు కాడికి పో. నా తావకు రావాకు."

మా వైపు పొద్దు అంటే రోజు. మూడు రోజుల్లో తగ్గలేదంటే అది వంటింట్లో తగ్గే రోగం కాదని ఆమె నమ్మకం. నాలుగో రోజు వచ్చిన వాళ్లను నిజంగానే మెట్లు ఎక్కనిచ్చేది కాదు. ఊళ్లో వాళ్లు ఆమెను డాక్టరమ్మ అని పిలిచేవారు, డాక్టరమ్మకు తిక్క అని వెనక నవ్వుకునేవారు.

మా ఇంట్లో మగవాళ్లకు ఆ మాట బాగా పనికొచ్చింది. ఒక చలికాలం నాన్నకు దగ్గు పట్టుకుంది. మూడు రోజులు అమ్మ మిరియాల పాలు ఇచ్చింది. నాలుగో రోజు టిఫిన్ కూడా తిననీయకుండా అన్నను పిలిచి కారు తీయించింది. ప్రొద్దుటూరులో ఎక్స్‌రే తీసి నిమ్ము చేరిందన్నారు, వారం రోజులు ఆసుపత్రిలో పెట్టుకున్నారు. ఆ తర్వాత నాన్న ఇంకో పన్నెండేళ్లు హాయిగా బతికాడు. అన్నకు మోకాలు నొస్తే కడప దాకా పోయారు. అది తప్పనడం లేదు. ఆడవాళ్లకు మాత్రం ఆ నాలుగో పొద్దు ఎప్పుడూ రాలేదు. మాకు వచ్చే జబ్బు ఒక్కటే, దాని పేరు వేడి. నడుము నొస్తే వేడి, కళ్లు తిరిగితే వేడి. నెలసరి రాకపోయినా వేడే, వచ్చింది ఆగకపోయినా వేడే. మా కడప ఎండల్లో ఆ మాటను కాదనేవాళ్లు ఎవరుంటారు?

నేను ప్రొద్దుటూరులో జాకెట్లు కుట్టుకుని బతుకుతాను. నెలకోసారి ఊరికి పోయి వస్తుంటాను. ఆ ఏడాది ఉగాది దాటాక అమ్మ ఫోన్ చేసి, వచ్చేటప్పుడు ధనియాలు తెమ్మంది. ఊళ్లో అంగడివి పుచ్చిపోయి ఉన్నాయట. కిలో పట్టుకుపోయాను. మరుసటి నెల మళ్లీ కిలో. ఆ పై నెల రెండు కిలోలు తెమ్మంది.

"ఏంది మా, మసాలా అంగడి పెడతాండావా?" అన్నాను సంచి అందిస్తూ.

"ఎండలకు నీళ్లు కాసుకుంటాండాలే పాపా. ఒంటికి చలవ."

సరేలే అనుకున్నాను. బస్సులో ఒళ్లో పెట్టుకుని ఆ సంచులు మోసింది నేనే. అందరి మీదా ఇంత మండిపడే నేను, అరవైకి దగ్గరపడిన మనిషి నెలనెలా అన్ని ధనియాలు ఏం చేసుకుంటుందని ఒక్కసారి ఆలోచించలేదు. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. అయినా రాయాల్సిందే.

దసరా అయిన వారానికి ఊరికి పోయాను. చేతులు కడుక్కుందామని స్నానాలగది వెనక్కు పోతే, గోడకూ నీళ్లతొట్టికీ మధ్య కట్టిన తాడు మీద తువ్వాలు ఆరేసి ఉంది. దాని అంచు కింద నుంచి పాత చీర పీలికలు కనిపించాయి. తువ్వాలు తీసి చూశాను. పీలికలు ఉతికినా మరకలు పోలేదు. ఆ చీర నాకు తెలుసు, అమ్మది. అమ్మకు నెలసరి ఆగిపోయి పదేళ్లు దాటింది. ఆమె నా వెనకే వచ్చి నిలబడింది.

"ఇవెవరివి మా?"

"నావే. కొంచెం వేడి చేసింది."

"ఎన్ని పొద్దులాయ?"

ఆమె చెంబుతో తొట్టిలో నీళ్లు ముంచి, మళ్లీ తొట్టిలోనే పోసింది.

"ఉగాది ముందర్నుంచి," అంది.

పీలికలు తాడు మీంచి లాగాను. ఇంక నోరు ఆగలేదు. ఊరందరినీ నాలుగో పొద్దు తరిమినదానివి, నీకు నువ్వు ఎందుకు చెప్పుకోలేదని అరిచాను. "మెల్లగా మే, మీయన్న ఇంట్లోనే ఉండాడు," అంది. అప్పుడు కూడా ఆమె భయం అదే. ఈ సంగతి మగవాళ్లతో చెప్పడానికి నోరు రాదు, మగవాళ్లతో చెప్పకపోతే ఇంట్లో కారు కదలదు. ఏడు నెలల పాటు ఎవరికీ చెప్పకుండా తన చేత్తో ధనియాలు కాచుకుని తాగుతూ కూర్చుంది.

వదిన మాత్రం పీలికలు చూసి కనిపెట్టిందట. అత్త చెప్పొద్దనింది అని తల దించుకుంది. నేను అన్న దగ్గరికి పోయాను. అతను చీనీకాయల తోటకు పోబోతూ చెప్పులు వేసుకుంటున్నాడు.

"ఆడోళ్ల సంగతులు నాకెందుకు చెప్తాండావు?" అన్నాడు నా మొహం చూడకుండా. "అమ్మ ఊరందరికీ మందిస్తాది. ఆమెకు తెలీదా?"

ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా కడుపు మండుతుంది. మనిషిని డాక్టరమ్మను చేసి మెట్ల మీద కూర్చోబెట్టి, ఆ పేరు చెప్పి ఆమెను డాక్టరుకు దూరం పెట్టారు. నేను కారు అడగలేదు. అమ్మ చీర మార్చుకున్నాక చేయి పట్టుకుని ప్రొద్దుటూరు బస్సు ఎక్కించాను.

అక్కడి ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసి, ఇన్నాళ్లూ ఏం వాడారని అడిగింది. అమ్మ గొంతు తగ్గించి, "ధనియాలు," అంది. డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడనూ లేదు. "వాటిని కూరలో వేసుకోండమ్మా," అని కాగితం రాసి తిరుపతికి పొమ్మంది. తిరుపతిలో ముక్క తీసి పరీక్షకు పంపారు. గర్భసంచిలో క్యాన్సర్, పక్కలకు పాకింది అన్నారు. మొదట్లోనే వచ్చుంటే ఆపరేషన్‌తో నయమై ఉండేదేమోనని నన్ను పక్కకు పిలిచి చెప్పారు.

తిరుపతిలో కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. ప్రతిసారీ మా అన్నే కారు తీశాడు. వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాడు కూడా. నాకు జాలి కలగలేదు. మరుసటి ఎండాకాలం అమ్మ పోయింది.

దినం రోజు మా వసారాలో మగవాళ్లు పంక్తిలో కూర్చుని తింటున్నారు. మాటలన్నీ అమ్మ గురించే. ఆయమ్మ చేయి పడితే రోగం నిలబడేది కాదప్పా అని ఒకరు, అట్లాంటి కషాయం ఇంక యాడ దొరుకుతాదని ఒకరు. నేను మజ్జిగ వడ్డిస్తూ పళ్లు కొరుక్కుంటున్నాను. అప్పుడు వదిన వంటింట్లోంచి సైగ చేసి పిలిచింది. లోపలికి పోతే తలుపు దగ్గరికి వేసింది.

"అత్త ధనియాలు ఏయించి కాసేదా, పచ్చివేనా? నన్నెప్పుడూ చూడనీలేదు," అంది.

"ఎందుకు?"

"నాకూ శానా వేడి చేస్తాంది."

ఆమె చేతిలో ఉన్నది నేను ప్రొద్దుటూరు నుంచి తెచ్చిన సంచే. సగం మిగిలింది అందులో.

"ఎన్ని పొద్దులాయ?" అన్నాను.

"అత్తను తిరుపతిలో చేర్చినప్పట్నుంచి."

అమ్మ పోయిన రోజు కూడా నాకు అంత కోపం రాలేదు. వదినను కొట్టాలనిపించింది. కానీ కొట్టాల్సింది ఆమెను కాదు. అమ్మకు రాని మాట ఆమెకూ రాలేదు, అంతే. చేతిలోని సంచి లాక్కుని వసారాలోకి నడిచి, అన్న ఆకు ముందు నిలబడ్డాను.

"అన్నా, వదినకు నెత్తురు పోతాంది. నెలల నుంచి పోతాంది."

తినే చేతులన్నీ ఆగిపోయాయి. మా చిన్నాయన తలెత్తి, "ఏంది పాపా, ఇంతమందిలో ఆ మాటలు?" అన్నాడు.

"ఇంతమందిలో అనకపోబట్టే ఈపొద్దు దినం తింటాండారు," అన్నాను. "అన్నా, నాలుగో పొద్దు ఎప్పుడో దాటిపోయింది. లెయ్యి. కారు తీయి."

అన్న నా చేతిలోని ధనియాల సంచి వైపు చూశాడు. తర్వాత ఆకు ముందు నుంచి లేచి, ఎంగిలి చేత్తోనే తాళాలు వెతుక్కున్నాడు.